అప్‌డేట్: మెమోయిర్ 44 (రెండో ప్రపంచ యుద్ధం బోర్డ్ గేమ్)లో వెనక్కి తగ్గే రూల్ తేలిపోయింది

దళం వెనక్కి తగ్గాల్సిన గడుల్లో మనవాళ్లే ఉంటే ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను కదా, చెప్పిన అన్నలందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం హన్మకొండలో తమ్ముడితో రూల్‌బుక్ పక్కన పెట్టుకుని మళ్లీ ఆడాం.

దాడి చేసేవాళ్ల పాచికపై జెండా పడితే, దాడికి గురైన దళం తన వైపుకి ఒక గడి తగ్గాలి. వెనకున్న గడులు నిండిపోతే, అక్కడున్నది మనవాళ్లైనా సరే, తగ్గలేని ప్రతి గడికీ ఆ దళంలోని ఒక బొమ్మ పోతుంది. అందుకే దళాలను కిక్కిరిసి పెట్టొద్దు. తమ్ముడి పదాతి దళం ఒకటి అలాగే మొత్తం పోయింది! దళం ఉన్న గడిలో ఇసుక బస్తాలుంటే మాత్రం మొదటి జెండాను వదిలేయొచ్చు.

ట్యాంకుల డౌట్ కూడా తీరింది: మన దాడికి పక్క గడిలోని శత్రువు ఆ గడి ఖాళీ చేస్తే ట్యాంకు అందులోకి వెళ్లి ఇంకోసారి కొట్టొచ్చు. పదాతి దళం వెళ్లొచ్చు కానీ ఇంకోసారి కొట్టకూడదు.