చుక్క చిన్నదైతే తలతన్యత తగ్గుతుందా?

పర్లాకిమిడి అమ్మాయి:
మా ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, పుస్తకాలు ఇంగ్లీషు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఫిజిక్సు సందేహం తెలుగులో అడిగే చోటు లేక ఇక్కడ రాస్తున్నాను. చెవి మందు డ్రాపరు శుభ్రంగా కడిగి చుక్కలు లెక్కపెట్టాను. ఒక మిల్లీలీటరు నీళ్లకి 20 చుక్కలు. సగం నీళ్లు, సగం స్పిరిట్ కలిపితే 44. మూడుసార్లు చూశాను, ఒకటీ రెండూ తేడా అంతే. నిన్న క్లాసులో, ఉపరితలం వంపుని బట్టి తలతన్యత, అంటే ద్రవం పైపొర బిగువు, మారుతుందన్నారు. మరి స్పిరిట్ చుక్క చిన్నది, వంపు ఎక్కువ. అందుకే తలతన్యత తగ్గిందా? తలతన్యత తగ్గబట్టే చుక్క చిన్నదయిందా?

రాయగడ మాస్టారు:
రెండోదేనమ్మా. డ్రాపరు కొన చుట్టూ చుక్కని పట్టుకుని ఉండేది తలతన్యతే. పట్టు సడలితే చుక్క ఎదగకుండానే రాలిపోతుంది. నీటికి మీటరుకి 72 మిల్లీన్యూటన్లు, నీ స్పిరిట్‌లో ఉండే ఆల్కహాలుకి 22. వంపు మాట 1949లో టోల్‌మన్ అనే శాస్త్రవేత్త చెప్పింది. ఆయన సవరణ చుక్క వ్యాసార్థంతో పోల్చాల్సిన ఒక పొడవు మీద ఆధారపడుతుంది, ఆ పొడవు నానోమీటరులో పదో వంతు అనుకో. నీ నీటి చుక్క వ్యాసార్థం 2.3 మిల్లీమీటర్లు వస్తుంది. అక్కడ తేడా కోటికి ఒక వంతు. 5 నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న చుక్కలో అయితే నూటికి నాలుగు.

బరంపురం కెమిస్ట్రీ:
మాస్టారి లెక్క ఒకే ద్రవానికి సరిపోతుంది. మిశ్రమంలో ఇంకో సంగతి ఉంది, నాకు అదే ఇష్టం. ఆల్కహాలు అణువులు పైకొచ్చి ఉపరితలం మీద చేరతాయి. 1870ల్లోనే గిబ్స్ అనే శాస్త్రవేత్త దీనికి సూత్రం కట్టాడు. సీసాలో అయితే లోపల బోలెడు నిల్వ ఉంటుంది, పైకి ఎన్ని వెళ్లినా తరగదు. 5 నానోమీటర్ల చుక్కలో మొత్తం అణువులు 17,000 పైచిలుకు. నూటికి మూడు ఆల్కహాలైతే సుమారు 500. ఆ ఉపరితలం పూర్తిగా కప్పాలంటే వెయ్యికి పైనే కావాలి! ఉన్నవన్నీ పైకొచ్చినా చాలవు, లోపల దాదాపు నీళ్లే మిగులుతాయి. అందుకని సీసాలోని అదే మిశ్రమం కంటే ఆ చుక్క తలతన్యత ఎక్కువే ఉంటుంది. ఇక్కడ వంపు కంటే సరుకు కొరతే ముఖ్యం.

పర్లాకిమిడి అమ్మాయి:
కొరత! ఈ మాట క్లాసులో వినలేదు. నేను వంపునే పట్టుకుని కూర్చున్నాను. రేపు పదోవంతు, పావువంతు, ముప్పావువంతు స్పిరిట్‌తో మళ్లీ లెక్కపెట్టి చుక్కల సంఖ్యలు ఇక్కడే పెడతాను మాస్టారూ.

రాయగడ మాస్టారు:
ప్రతిసారీ డ్రాపరుని నిలువుగా పట్టుకో తల్లీ, ఒరిగితే లెక్క తప్పుతుంది.