1751 నాటి ఆల్టోనా (జర్మనీలో హాంబర్గ్ పక్కనున్న పట్టణం) తాయెత్తుల వివాదం గురించి

ప్రశ్న:
యూదు ధర్మశాస్త్రం తాయెత్తును నిషేధించలేదని చదివాను. అలాంటప్పుడు, ప్రసవంలో ప్రాణాపాయం కలగకుండా గర్భిణులు ధరించడానికి అక్కడి రబ్బీ (యూదు మతగురువు) యోనతాన్ ఐబెషూట్స్ రాసిచ్చాడని చెప్పిన తాయెత్తులు యూరప్ రబ్బీలను రెండు పక్షాలుగా ఎందుకు చీల్చాయి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
మీరు చదివినది సరైనదే. మూడుసార్లు గుణం చూపిన తాయెత్తును ధరించి వీధిలో వస్తువులు మోయకూడని సబ్బాతు నాడు కూడా వీధిలోకి వెళ్లవచ్చని యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ అంగీకరించింది. తాయెత్తులు రాసేవారిని 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ తీవ్రంగా విమర్శించినా ఆచారం ఆగలేదు. కాబట్టి ఆల్టోనాలో తగవు తాయెత్తు కట్టుకోవడం గురించి కాదు, దాని లోపలి రాత గురించి. ఆ రాతలో, తానే మెస్సయ్యనని చాటుకుని 1666లో ఇస్లాం స్వీకరించిన షబ్బతాయి జ్వీ పేరు గూఢంగా దాగి ఉందని రబ్బీ యాకోబ్ ఎమ్డెన్ ప్రకటించాడు. ప్రాణరక్షణ కోసం నమ్మి కట్టుకున్న తాయెత్తులో అటువంటి పేరు ఉందనడం చిన్న ఆరోపణ కాదు. సమాజ పెద్దలు ఐబెషూట్స్ పక్షాన నిలిచారు, ఎమ్డెన్ ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లిపోవలసి వచ్చింది.

జవాబు 2:
చదివే పద్ధతిని కూడా గమనించాలి. హీబ్రూలో 'అత్‌బష్' అనే మార్పిడి ఉంది: 22 అక్షరాలలో మొదటిదానికి బదులు చివరిది, రెండవదానికి బదులు చివరినుంచి రెండవది రాస్తారు. ఎమ్డెన్ ఇటువంటి మార్పిడి పద్ధతులతోనే పేరును బయటికి లాగాడు. అవి పవిత్ర నామాల సంకేతాలు మాత్రమేనని ఐబెషూట్స్ 1755లో ప్రచురించిన 'లుహోత్ ఎదూత్'లో వాదించి, తనను సమర్థించిన రబ్బీల లేఖలను అందులోనే చేర్చాడు. ఆధునిక పండితులలో గెర్షోమ్ షోలెమ్ ఎమ్డెన్ పఠనాన్నే బలపరిచాడు, నాకూ అదే సరైనదనిపిస్తుంది.

జవాబు 3:
ఈ లేఖలన్నింటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది, అప్పటికి యాంపోల్ అనే ఊరిలో రబ్బీగా ఉండి తర్వాత ప్రాగ్‌కు వెళ్లిన యెహెజ్కెల్ లందౌ 1752లో రాసినది. తాయెత్తులలోని రాత తప్పుడుదేనని ఒప్పుకుంటూనే, మధ్యలో ఎవరైనా దానిని మార్చి ఉండవచ్చన్న అవకాశం చూపి, ఐబెషూట్స్‌ను దోషిగా నిలబెట్టకుండా, ఆ తాయెత్తులన్నిటినీ వెనక్కి తీసుకోవాలని ఆయన కోరాడు.