అప్‌డేట్: 237తో మొదలయ్యే 1965 పాంటియాక్ జీటీఓ అసలుదే

ఒహాయోలో అమ్మకానికి వచ్చిన 1965 జీటీఓ అసలుదా, పాంటియాక్‌దే మామూలు మోడల్ లెమాన్స్‌కి జీటీఓ బ్యాడ్జీలు తగిలించారా అని నెల కిందట ఇక్కడ అడిగాను. కారు ఛాసిస్ నంబరు లెమాన్స్‌కి ఉండే 237తో మొదలవడమే నా టెన్షన్, జీటీఓ అయితే 242 ఉండాలని కొందరన్నారు. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పాత పాంటియాక్ కార్ల రికార్డులిచ్చే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఫ్యాక్టరీ బిల్లింగ్ కాపీ (బండి ఏయే ఆప్షన్లతో తయారైందో చూపే కాగితం) తెప్పించమన్న సలహాయే పనిచేసింది. జీటీఓ ఆప్షన్ అందులో స్పష్టంగా ఉంది. 1964, 65లో జీటీఓ విడి మోడల్ కాదు, లెమాన్స్ మీద తీసుకునే ఆప్షన్. కాబట్టి 65 బండిని నంబరు చూసి తేల్చలేం. కొందరు చెప్పిన 242 అనే నంబరు 1966 నుంచే మొదలైంది. అది లేదని ఇంత మంచి బండిని వదులుకునేవాణ్ణి!

ఒక తేడా మాత్రం బయటపడింది. కాగితంలో ఉన్నది నాలుగు బ్యారెళ్ల (గాలి దారుల) ఒకే కార్బురేటర్, 335 హార్స్‌పవర్ 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్. బండిలో ఉన్నది మూడు కార్బురేటర్ల ట్రై-పవర్. మెకానిక్ ఇంజన్ ముందువైపు, ప్యాసింజర్ పక్కన పేరుకున్న గ్రీజు గుడ్డతో తుడిచి టార్చి వేశాడు. అక్కడ చెక్కిన రెండక్షరాల కోడ్ కూడా నాలుగు బ్యారెళ్ల ఇంజన్‌దే. అంటే ట్రై-పవర్ తర్వాత బిగించారు. కాపీ చూపించాక అమ్మేవాళ్లు ధర తగ్గించారు, బండి తీసుకున్నాను.

నా పాత పోస్టు కింద రంగు, బ్యాడ్జీల గురించి మనం చేసిన చర్చ దేనికీ అక్కరకు రాలేదు. ఇదే సందేహం ఉన్నవాళ్లు డబ్బు కట్టకముందే ఆ కాపీ తెప్పించుకోండి.