వీధి కుక్కలకు చెవి గాటు చాలదా, మైక్రోచిప్ కూడా కావాలా?

అడయారు తాతయ్య: మా మనవడిని కరిచిన కుక్క చెవికి వి ఆకారపు గాటు ఉంది. దానికి రేబిస్ టీకా ఎప్పుడు వేశారని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి ఆ గాటు పెట్టిన సంస్థను అడిగితే, అది ఏ కుక్కో తమకు తెలియదన్నారు. టీకా ఏటా వేయవలసినది కాగా, గాటు చెప్పేది ఆపరేషన్ అయిందన్న ఒక్క ముక్కే. పెంపుడు కుక్కలకు చెన్నై కార్పొరేషన్ తప్పనిసరి చేసిన చిప్‌ను వీధి కుక్కలకూ వేయాలి.

పెరంబూరు పశువైద్యురాలు: చిప్‌లోనూ టీకా వివరాలు ఉండవండీ, ఉండేది 15 అంకెల సంఖ్యే. బియ్యపు గింజంత గాజు గొట్టాన్ని భుజాల నడుమ చర్మం కింద ఎక్కిస్తాం. దానికి బ్యాటరీ ఉండదు కనుక స్కానర్‌ను దాదాపు వీపుకు ఆనించి జరిపితేనే ఆ సంఖ్య పలుకుతుంది. చిప్ పక్కకు జారితే భుజం, మెడ అంతా వెతకాలి. మీదికి వచ్చే కుక్క అంతసేపు నిలబడుతుందా? గాటైతే దూరం నుంచే కనబడుతుంది, ఆపరేషన్ అయినదాన్నే మళ్లీ పట్టే పని తప్పుతుంది.

వేళచ్చేరి వాసి: అసలు చెవి కోయడమే క్రూరత్వం.

పశువైద్యురాలు: మత్తులో ఉండగానే కత్తిరిస్తాం.

నెల్లూరబ్బాయి: మా ఊళ్లో గేదెలకు వేసే 12 అంకెల పసుపు చెవిపోగు కుక్కలకూ వేస్తే పోలేదా?

పశువైద్యురాలు: కుక్కలు కొట్లాడుకుంటే పోగుతో పాటు చెవీ చిరుగుతుంది.

వేళచ్చేరి వాసి: మీరు కోస్తే తప్పు లేదు గానీ!

తాతయ్య: డాక్టరమ్మ గారూ, మీరు స్కానర్ దూరం దగ్గరే ఆగిపోయారు. బాధ పడినవాడి మాట మీకు పట్టదు.

పశువైద్యురాలు: పట్టబట్టే అడుగుతున్నాను, సంఖ్య తెలిశాక ఏం చేయాలంటారు?

తాతయ్య: కరిచిన కుక్కను మళ్లీ మా వీధిలో వదలకూడదు.

పశువైద్యురాలు: అయితే మీ పేచీ గుర్తుతో కాదు, వదలడంతో. ఆపరేషన్, టీకా అయిన కుక్కను పట్టిన చోటే వదలాలని కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి.

తాతయ్య: 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది గానీ, రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మినహాయించింది. గాటున్న కుక్కలు వీధిలో నాలుగుంటే, కరిచింది ఫలానాదని ఏ ఆధారంతో చూపాలి?

పశువైద్యురాలు: చిప్ చూపగలదు, ఒప్పుకుంటాను. కానీ కూనల జోలికి వచ్చారని ఒక్కసారి కరిచిన తల్లి కుక్కనూ ఆ సంఖ్యతోనే పట్టుకుపోతారు. అందుకే నాకు భయం.

తాతయ్య: ఆ నిర్ణయం మీలాంటి వైద్యులే చేయండి, నాకు అభ్యంతరం లేదు. ముందు ఏ కుక్కో తెలియాలి, దాని టీకా చిట్టా కార్పొరేషన్ దగ్గర ఉండాలి.