‘ఊరు సొరకుము’ అనా, ‘ఊర జొరకుము’ అనా?

ఎడారి వాన: అప్పిచ్చువాడు వైద్యుడు పద్యం మీ అందరికీ నోటికి వచ్చిందే. నన్ను తొలుస్తున్నది చివరి పాదంలో ఒక్క అక్షరం. మా అమ్మ ఎప్పుడూ ‘చొప్పడకున్నట్టి యూరు సొరకుము సుమతీ’ అనే చదివేది. నిన్న పాపకు నేర్పుదామని పుస్తకం తెరిస్తే ‘జొరకుము’ అని ఉంది. అమ్మ తప్పు చదివేదా? మేం పెరిగింది టెక్సాస్‌లో ఎల్ పాసో, సరిగ్గా మెక్సికో సరిహద్దు మీద ఊరు. వంటింటి కిటికీలోంచి చూస్తే నది అవతల మెక్సికో ఊరు హ్వారెజ్ కొండ, దాని మీద తెల్లటి పెద్ద అక్షరాలు, ‘లా బిబ్లియా ఎస్ లా వెర్దాద్, లేఎలా’, అంటే బైబిలే సత్యం, చదువు అని. ఆ అక్షరాల ఎదురుగా కూర్చోబెట్టి అమ్మ నాకు శతకం చెప్పించేది. ఇప్పుడు ఆ ఇల్లు మాది కాదు, అమ్మా లేదు. అందుకే ఈ ఒక్క అక్షరం తేల్చుకోవాలనుంది.

అరసున్న: జొరకుమే సరైనది. చ కాస్తా జ కావాలంటే ముందు ద్రుతం, అంటే నకారం, ఉండాలి. మూడో పాదంలో ‘యూర నుండుము’ అని ద్రుతం కళ్ళకు కనిపిస్తూనే ఉంది కదా. నాలుగో పాదంలోనూ అదే, ‘యూరఁ జొరకుము’. పిల్లల పుస్తకాల్లో ఆ ద్రుతానికి గుర్తుగా మిగిలిన అరసున్నలు ఎత్తేశారు కాబట్టి ఆ జ ఎక్కడినుంచి ఊడిపడిందో ఎవరికీ తెలియడం లేదు. మీ అమ్మగారు ‘ఊరు’ అన్నారంటే పాఠమే వేరు.

బండి ర: అంత తొందరపడకండి అరసున్న గారూ. ‘చొచ్చు’కు ద్వితీయా విభక్తి కూడా వస్తుంది. అడవి చొచ్చాడు అంటాం, అడవిలో చొచ్చాడు అనం. జడానికి, అంటే ఊరు లాంటి ప్రాణంలేని వాటికి, ద్వితీయ బదులు ప్రథమ వాడొచ్చు, ప్రథమ మీది పరుషానికి గసడదవలు వస్తాయి, అంటే చ కాస్తా స అవుతుంది, కాబట్టి ‘ఊరు సొరకుము’ చిన్నయసూరి ముందు పెట్టినా నిలబడుతుంది. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. ఊర అన్నా ఊరు అన్నా చివర లఘువే, ‘ట్టియూరు’ జగణం చెడదు. యతి చూద్దామా అంటే చొ-జొ కుదురుతుంది, చొ-సొ కూడా కుదురుతుంది. పైగా అచ్చయిన పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ‘యూరు జొరకుము’. మీ లెక్కన అది రెండు పాఠాల అతుకు.

అరసున్న: అతుకు కాదు, ‘ఊరున్’ అని ద్వితీయే అయి ఉండొచ్చు.

బండి ర: అలాంటి ప్రయోగం ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాను.

మానేరు: వ్యాకరణం దాకా ఎందుకు, మా కరీంనగర్ వైపు ఇప్పటికీ ‘ఇంట్ల సొచ్చిండు’ అంటరు. అమ్మగారిది ఏ ఊరు? ఆమె చదివింది సంధి సూత్రం చూసి కాదేమో, ఇంట్లో మాట్లాడిన మాటే పద్యంలోకి వచ్చిందేమో. ఇంకో సంగతి, చొరవ, చొరబాటు అన్నీ ఈ చొరు నుంచి వచ్చినవే. బద్దెన నాటికి ఊరు చొరడం అంటే ఊళ్ళోకి వెళ్ళడమే, అందులో దొంగతనం లేదు. పేపర్లో ‘సరిహద్దు చొరబాటు’ అని చదివినప్పుడల్లా నాకు ఈ పద్యమే గుర్తొస్తుంది.

ఎడారి వాన: మానేరు గారూ, మీరన్న చొరబాటు నాకు గట్టిగా తగిలింది. మా చిన్నప్పుడు వంతెన దాటడం పక్క వీధికి వెళ్ళినట్టే ఉండేది. నాన్నగారి పంటి డాక్టరు, మందుల షాపు అవతలి ఒడ్డునే. నిమ్మరసం, కారం పట్టించిన మొక్కజొన్న కండె తినుకుంటూ నడిచి తిరిగొచ్చేవాళ్ళం, వచ్చేటప్పుడు అమెరికా పౌరులమని నోటితో చెబితే చాలు. 2009 జూన్ నుంచి పాస్‌పోర్టు లాంటివి తప్పనిసరయ్యాయి. అసలు ఎల్ పాసో అన్న పేరే అవతలి ఊరిది. 1888 దాకా హ్వారెజ్‌ను ఎల్ పాసో దెల్ నోర్తే అనేవారు. అమ్మది మాచర్ల, మానేరు గారూ.

నాగులేరు: మాచర్లా! అయితే శ్రీనాథుణ్ణి తలవకుండా ఎలా?
‘చిన్న చిన్న రాళ్ళు చిల్లరదేవుళ్ళు
నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు’
తర్వాత సజ్జ జొన్న కూళ్ళు, సర్పాలు, తేళ్ళు. మీ ఎడారిలోనూ రాళ్ళూ తేళ్ళూ పాములేగా, మీ అమ్మగారికి పుట్టిల్లు గుర్తొచ్చే ఉంటుంది. నీళ్ళ కోసం శివుణ్ణే నిలదీశాడు మహానుభావుడు, ‘తిరిపెమున కిద్దరాండ్రా? పరమేశా! గంగ విడుము, పార్వతి చాలున్’ అని. ఒక్క కందంలో కరువంతా పెట్టాడు. సుమతి పద్యం నీతి చెబుతుంది, ఇది దాహం చెబుతుంది.

బండి ర: ఆ చాటువులు శ్రీనాథుడివేనని గట్టిగా చెప్పలేం.

నాగులేరు: పల్నాటివాళ్ళకు అవి శ్రీనాథుడివే.

ఎడారి వాన: నాగులేరు గారూ, మా నదిదీ అదే కథ. మేం రియో గ్రాండె అనేవాళ్ళం, అవతలివాళ్ళు రియో బ్రావో అనేవారు. 1916లో పూర్తయిన ఎలిఫెంట్ బ్యూట్ డ్యామ్ ఎగువన న్యూ మెక్సికోలో ఉంది, అక్కడినుంచి సాగుకు వదిలితేనే నీళ్ళు. చలికాలమంతా ఇసక. ‘ఎడతెగక పాఱు నేఱు’ దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆగి కిటికీ వైపు చూసేది. జూలైలో మాత్రం వాన ముందు క్రియోసోట్ పొదల వాసన వచ్చేది, అప్పుడు పుస్తకం మూసేసి బయటికి పొమ్మనేది.

మానేరు: నాకిప్పుడు ఎడతెగక మీద అనుమానం వచ్చింది. ఎడ అంటే దూరం, నడిమి చోటు కదా. ‘ఎడతెగక’ అంటే ఇటూ అటూ తెంపకుండా పారే ఏరు అని ఎందుకు తీసుకోకూడదు?

అరసున్న: తీసుకోకూడదు. ఎడతెగక అంటే మధ్యలో ఆగకుండా. నిఘంటువులో అదే ఉంది.

మానేరు: నిఘంటువు రాసినవాళ్ళ ఊళ్ళో నది సరిహద్దు కాలేదు కదా అన్నా.

అరసున్న: భావం బాగుంది తమ్ముడూ, అర్థం మాత్రం అది కాదు.

ఎడారి వాన: అమ్మ పాత ప్రతి అన్నయ్య దగ్గర ఉంది, వాడింకా ఎల్ పాసోలోనే. ఆ పేజీ ఫోటో అడిగాను. అక్కడ సాయంత్రం కాగానే పంపిస్తానన్నాడు.

అరసున్న: జ ముందు అరసున్న ఉందేమో కాస్త పెద్దది చేసి చూడండమ్మా.

నాగులేరు: ఫోటో వచ్చేలోపు ఎవరైనా చెప్పండి, ‘రసికుడు పోవడు పల్నాడు’లో ‘ఏకులె వడకున్’ అనా, ‘ఏకులు వడకున్’ అనా?