ఏపీఐతో కామెంట్లు తీసేశా, మంచిదొకటి పోయింది. తిరిగొస్తుందా?

మారతహళ్ళి_అబ్బాయి:
అమ్మ వంటల సైటు వర్డ్‌ప్రెస్‌లో ఉంది, ఇక్కణ్ణుంచి నేను చూస్తుంటా. స్పామ్ మూడు వేలు దాటింది. ఒక్కోదానికీ టిక్కు పెట్టే ఓపిక లేక, "హెచ్‌టీటీపీ" అన్న మాట ఉన్న కామెంట్లన్నీ వెతికి రెస్ట్ ఏపీఐతో (బయటి ప్రోగ్రాం నుంచి సైటుకి ఆదేశాలు పంపే దారి) డిలీట్ కొట్టేలా స్క్రిప్టు రాశా, ఫోర్స్=ట్రూ అన్న ఆప్షన్ పెట్టి. మర్నాడు అమ్మ ఫోన్: "గోంగూర పచ్చడి కింద నెల్లూరావిడ రాసింది కనపడట్లేదేంరా?" కడిగిన ఆకు నీడన ఎంతసేపు ఆరాలో, తడి మిగిలితే బూజెలా పడుతుందో ఆవిడ నాలుగు పేరాలు రాశారు. చివర ఒక లింకు ఇచ్చారు, అంతే. అమ్మ చాలా బాధపడుతోంది.

కోరమంగళ_డెవ్:
ఫోర్స్ పెడితే ట్రాష్‌కి వెళ్లదండీ, డేటాబేస్‌లోంచే పోతుంది. అది లేకుండా పంపుంటే మామూలుగా 30 రోజులు ట్రాష్‌లో ఉండేది. బ్యాకప్ ఉంటే సైటు మొత్తాన్ని వెనక్కి తిప్పకండి, ఈమధ్య వచ్చినవి పోతాయి. వేరే డేటాబేస్‌లో తెరిచి ఆ ఒక్క వరుసే తెచ్చుకోండి. ముందు అమ్మగారి మెయిల్ చూడండి. కొత్త కామెంట్ నోటిఫికేషన్‌లో పూర్తి పాఠం వస్తుంది.

కేఆర్‌పురం_రాత్రిషిఫ్ట్:
నాకు జరిగింది దీనికి తలకిందులు. ఏపీఐ ఒక్కసారికి, అంటే ఒక్కో పేజీకి, 100 కామెంట్ల కంటే ఎక్కువ ఇవ్వదు కదా, మొదటి పేజీ తీసేసి రెండో పేజీ అడిగా. ఈలోగా వెనకవి ముందుకు జరిగిపోయాయి, సగం అలాగే మిగిలాయి! ఖాళీ అయ్యేదాకా మొదటి పేజీనే అడుగుతూ ఉండాలి.

జయనగర్_పద్మ:
బాబూ, స్క్రిప్టులో అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టలేదు కదా? 2020లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.6 నుంచి అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు ఉన్నాయి, అంటే స్క్రిప్టుల్లాంటి వాటికి విడిగా ఇచ్చేవి. ఎడిటర్ ఖాతాతో ఒకటి తీసుకో, కామెంట్లకు అది చాలు. పని అవగానే రద్దు చెయ్. ఇంకో మాట, తీసేముందు ఐడీ, పేరు, పాఠం ఒక ఫైల్లో రాసుకుని కళ్లతో చదువు. మన సైట్లకి రాసేవాళ్లు పెద్దవాళ్లు, ఇంకోసారి రాయమంటే రాయలేరు.

మారతహళ్ళి_అబ్బాయి:
దొరికిందండీ! అమ్మ మెయిల్‌లో నాలుగు పేరాలూ ఉన్నాయి. ఆవిడ పేరు, ఆ మెయిల్ తేదీ పెట్టి ఏపీఐతోనే మళ్లీ ఎక్కించా. స్క్రిప్టులో ఫోర్స్ తీసేశా.