తేలిక గుంపు దొరకగానే నొక్కాలా, పదహారూ తేలేదాకా ఆగాలా?

పెన్న ఒడ్డు
రోజుకొకటి వచ్చే పదాల గుంపుల ఆట గురించి ఈ చర్చ. న్యూయార్క్ టైమ్స్ 2023 జూన్‌లో 'కనెక్షన్స్' అని మొదలుపెట్టిన పద్ధతే. పదహారు పదాలుంటాయి, నాలుగేసి చొప్పున నాలుగు గుంపులు చేయాలి. నాలుగో తప్పుతో ఆట అయిపోతుంది. ఎంచిన నాలుగింట్లో మూడు ఒకే గుంపువైతే 'ఒక్కటే తేడా' అని చెబుతుంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల మాటలతో ఇట్టాంటి పలక ఒకటి కింద పెడుతున్నా.

కట్ట – గిద్ద – పుట్టి – పన
తెప్ప – తూము – మోపు – సోల
కుంచం – నావ – కలుజు – పరిగె
అలుగు – కుప్ప – తవ్వ – దోనె

చూడగానే గిద్ద, సోల, తవ్వ, కుంచం కనబడతాయి. కొలతలే గదా అని నొక్కేస్తే ఈ పలకలో అదృష్టం కొద్దీ సరిపోతుంది. కానీ తూము, పుట్టి కూడా కొలతలే. నెల్లూరు ధాన్యం బేరంలో పుట్టి అంటే 850 కిలోలు, ఆ మాట వినగానే ఇక్కడివాళ్లకు వడ్లే గుర్తొస్తాయి, పడవ కాదు. అంటే ఆరు పదాల్లోంచి నాలుగు ఎంచుతున్నాం. ఆరింట్లో నాలుగు ఎంచడానికి 15 దారులు, సరైనది ఒక్కటి. అందుకే నేననేది, పదహారూ కాగితం మీద తేలేదాకా ఒక్కటీ నొక్కొద్దు. ఈ ఆటకు గడియారం లేదు, ఆగితే పోయేదేమీ లేదు.

ఒంగోలు గిత్త
అన్నా, ఒప్పుకోను. పదహారు పదాలను నాలుగు గుంపులుగా విడదీసే దారులు 26,27,625. ఒక గుంపు సరిపడి పైకి పోయిందా, మిగిలిన పన్నెండుకు 5,775 మాత్రమే. రెండోది కూడా పోతే ఎనిమిదికి 35. ఒక్క నొక్కుతో ఇంత చెత్త ఊడ్చుకుపోతుంటే దాన్ని ఆపుకోవడం దేనికి? పైగా పదహారు పదాలు కళ్లముందు ఉన్నప్పుడు వాటి రెండో అర్థాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. నాలుగు తప్పుకుంటే మిగతావి వాటంతట అవే విడివడతాయి. ముందు దొరికింది ముందు నొక్కాలి.

పెన్న ఒడ్డు
ఆ లెక్క సరైనదే. కానీ ఆ తగ్గుదల సరైన గుంపు నొక్కినప్పుడే. తప్పు నొక్కితే పోయేది నాలుగు తప్పుల్లో ఒకటి, అంటే పావు వంతు ఆట. కాగితం మీద కొట్టేసి చూసుకుంటే అదే తగ్గుదల ఉచితంగా వస్తుంది.

సంగం ఆనకట్ట
ఇద్దరూ 'ముందా తర్వాతా' అని వాదిస్తున్నారు. అసలు చూడాల్సింది ఏ గుంపు ముందు అనేది. కంటికి తేలిగ్గా దొరికిన గుంపు వేరు, సరిగ్గా నాలుగే ఉన్న గుంపు వేరు. ఈ పలకనే తీసుకోండి.

కొలతలకు ఆరు: గిద్ద, సోల, తవ్వ, కుంచం, తూము, పుట్టి.
కోత పొలానికి ఐదు: పన, మోపు, కుప్ప, పరిగె, కట్ట.
చెరువుకు నాలుగు: కట్ట, తూము, అలుగు, కలుజు.
నీటి మీద పోయేవాటికి నాలుగు: తెప్ప, నావ, దోనె, పుట్టి.

చెరువుకు ఐదో పదం కోసం పలకంతా వెతికినా దొరకదు. కాబట్టి కట్ట, తూము ఆ గుంపు దాటి పోలేవు. పడవలకూ అంతే, పుట్టి లేకపోతే మూడే మిగులుతాయి. పుట్టికి పడవ అర్థం తెలియదని ఎవరూ అనలేరు, 'పుట్టి మునిగింది' అని రోజూ అనే మాటే. ఈ రెండూ నొక్కాక కొలతలు ఆరు నుంచి నాలుగుకు దిగాయి, కోత ఐదు నుంచి నాలుగుకు దిగింది. ఇక ఊహించాల్సింది లేదు.

నా పద్ధతి వరసగా చెబుతా. ఒక గుంపుకు నాలుగు దొరికాయంటే వెంటనే ఐదోదాని కోసం వెతకాలి. మిగిలిన పన్నెండు పదాలనూ ఒక్కొక్కటిగా ఆ పేరుకు ఆనించి చూడాలి, అర నిమిషం పని. ఐదోది లేకపోతే నొక్కేయొచ్చు, మిగతా పలక తేలకపోయినా ఫర్వాలేదు. ఐదోది ఉంటే ఆ గుంపును పక్కనపెట్టి, రెండు చోట్లా ఇమిడే పదం ఇంకెవరికి అవసరమో చూడాలి. ఒంగోలు గిత్త గారు చెప్పిన తగ్గుదలా వస్తుంది, పెన్న ఒడ్డు గారు భయపడే తప్పూ తప్పుతుంది.

తప్పు పడ్డాక చేసే పొరపాటు ఇంకొకటి. గిద్ద, సోల, తవ్వ, పుట్టి నొక్కారనుకుందాం. 'ఒక్కటే తేడా' అని వస్తుంది. వెంటనే ఒకటి తీసి కుంచమో తూమో పెట్టాలని చెయ్యి లాగుతుంది. తీసేది నాలుగింట్లో ఏదైనా కావొచ్చు, పెట్టేది రెండింట్లో ఏదైనా కావొచ్చు, మొత్తం ఎనిమిది మార్పులు. అక్కడ ఆగి చెరువుకో పడవకో పోవాలి. గిద్ద, సోల, తూము, పుట్టి నొక్కితే మాత్రం ఏ సందేశమూ రాదు. అది కూడా సమాచారమే: కనీసం రెండు తప్పు. సందేశం రాలేదని దాన్ని వదిలేయకండి, రాసిపెట్టుకోండి.

ఒంగోలు గిత్త
ఐదోదాని కోసం వెతకడం ఒప్పుకుంటున్నా. నా వాదన ఆ మేరకు తగ్గించుకుంటా. కానీ ఒక సందేహం. పరిగె అంటే చేప కూడా గదా. అలుగు అంటే ఒంటినిండా పెంకులుండే జంతువు. అవెందుకు లెక్కలోకి రాలేదు?

సంగం ఆనకట్ట
పలకలో ఇంకో చేప లేదు, ఇంకో జంతువు లేదు కనుక. తోడు దొరకని అర్థం ఉచ్చు కాదు. పరిగె పక్కన బొచ్చె, జెల్ల ఉండి ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఒక పదానికి నాలుగు అర్థాలు తెలిసినవాళ్లు ఇక్కడే ఎక్కువ కాలం వృథా చేస్తారు.

మార్కాపురం పలక
సరిగ్గా నాలుగే ఉన్న గుంపు అర్థాల గుంపైతే ఈ పద్ధతి నడుస్తుంది. ఊదా రంగు గుంపు, అంటే అన్నిటికన్నా కష్టమైనది, చాలాసార్లు అర్థం మీద నడవదు, మాటకు ముందో వెనకో ఏదో తగిలించడం మీద నడుస్తుంది. చివరి ఎనిమిది ఇవి మిగిలాయనుకోండి:

సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, ఉదయ, కని, వెంకట

వారాలు ఐదున్నాయి. ఏది తీయాలో వారాల వైపు నుంచి చూస్తే తేలదు. దేనికీ అతకని ముక్కను పట్టుకోవాలి. ఇక్కడ అది 'కని'. ఒంటరిగా దానికి ఈ పలకలో పని లేదు. వెనక ఏదో తెగింది. కనిగిరి. ఆ వెంటనే ఉదయగిరి, వెంకటగిరి, మంగళగిరి. మంగళ వారాల్లోంచి తప్పుకుంది. అతకని పదాన్ని చివరికి వదిలేయడం అలవాటు, నేనైతే దాన్నే మొదట పట్టుకోమంటాను.

తెలుగులో ఈ రకం గుంపు కట్టేవాళ్లకు ఒక హెచ్చరిక: అతికించినప్పుడు సంధి వల్ల అక్షరం మారకూడదు. కారం, పొడి కలిస్తే కారప్పొడి అవుతుంది. పలకలో 'కారం' అని పెడితే ఆడేవాడు సున్నా ఎక్కడికి పోయిందని వాదిస్తాడు, ఆ వాదన న్యాయమే.

పొదిలి కొండ
పలక మీద నాకో అభ్యంతరం. కలుజు నెల్లూరు మాట. చాలా జిల్లాల్లో అలుగు అంటేనే తెలుసు. రెండూ ఒకటే అని తెలియనివాళ్లకు చెరువు గుంపు ఎట్టా దొరుకుతుంది?

పెన్న ఒడ్డు
కలుజు తీయను. చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయే చోటుకు మనకున్న మాట అది. మిగతా మూడూ చెరువువే అని తేలితే నాలుగోది తెలియకపోయినా పట్టొచ్చు, తెలియని మాటను ఒకటికి మించి పెట్టకపోతే చాలు. అసలు అన్యాయమైన గుంపు 'జిల్లా ఊళ్లు'. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి ప్రకాశానికి పోయింది, 2022లో మళ్లీ నెల్లూరుకు వచ్చింది. అదే ఏడు గూడూరు తిరుపతి జిల్లాలో చేరింది. ఏ ఏటి హద్దులో చెప్పకుండా అట్టాంటి గుంపు కట్టకూడదు.

మార్కాపురం పలక
ఒకటి ఇంకా తేలలేదు. మూడు గుంపులు సరిపోతే నాలుగోది పేరు తెలియకుండానే పడిపోతుంది. దాన్ని విప్పినట్టు లెక్కేయొచ్చా? నా ఉద్దేశంలో వేయకూడదు. చివరి నాలుగూ నొక్కే ముందు గుంపు పేరు కాగితం మీద రాయాలి. పేరు రాయలేకపోతే పలక మూడు వంతులే అయినట్టు.

ఒంగోలు గిత్త
అది పెట్టుకుంటే నియమం, ఆటలో లేదు. పడిపోయిన నాలుగూ నా తీసివేత వల్లే పడ్డాయి, వాటిని నావిగానే లెక్కేసుకుంటా.

సంగం ఆనకట్ట
పేరు రాయమనడం నాకు నచ్చింది, వేరే కారణానికి. ఎనిమిది పదాలు మిగిలినప్పుడే రెండు గుంపుల పేర్లూ రాయాలి. అక్కడ 35 దారుల్లో ఒక్కటి సరైనది, 16 'ఒక్కటే తేడా' చూపిస్తాయి, మిగిలిన 18 ఏమీ చెప్పవు. ఒక పేరే తెలిసి నొక్కితే ఆ పదహారులోకి జారడం చాలా తేలిక. రెండో పేరు కూడా రాయగలిగితే ఎనిమిది పదాలూ రెండు వైపుల నుంచి సరిచూసుకోవచ్చు. పై ఎనిమిదిలో 'గిరి' అని రాసినవాళ్లు మంగళను వారాల్లో పెట్టరు.